రోగనిరోధక ‘శక్తి’ అను ఒక చెడ్డ మాట

గడచిన మాఘమాసంలో ఆళ్ళగడ్డ ప్రాంతపు పల్లెలో ఒక పెండ్లికి వెళ్ళాను. బంతిలో నా ఎదుట కూర్చున్నవాడు ఒకప్పుడు నా దగ్గర తొమ్మిదవ తరగతి చదివినవాడే. ఇప్పుడు నలభై దాటిన రైతు. షామియానా క్రింద అందరూ చెమటలు కారుస్తుండగా అతడు మాత్రం పొడుగుచేతుల చొక్కాకు మణికట్టు దాకా గుండీలు పెట్టుకొని కూర్చున్నాడు. సంగతి నాకు చప్పున బోధపడింది. ముప్పదియేండ్లు నేనూ ఆ విధంగానే తొడిగి పాఠం చెప్పినవాణ్ణి.

చేతులు కడుక్కొనేచోట పట్టుకున్నాను.

“ఎన్నాళ్ళనుంచిరా?”

“ఆరేండ్లాయ అయివారూ. సోరియాసిస్ అన్నారు. కర్నూల్లో లైటు పెడతారంటే పద్నాలుగు తూర్లు పోయినా. తగ్గుతానే ఉండె. మా బావమరిది చెప్పినాడు, ఆ లైటు పెట్టిచ్చుకుంటే వొంట్లో రోగనిరోధక శక్తి అంతా చచ్చిపోతాదంట. ఇడిసిపెట్టినా.”

విడిచిపెట్టి ఏం చేశాడు? ‘శక్తి’ని పెంచే పొడి డబ్బాలు నాలుగు నెలలు తిన్నాడు. మచ్చలు వీపంతా ప్రాకినవి. అప్పుడు ఊళ్ళో ఒకరు వేసే సూదికి పోయాడు. “సూది ఏసినబ్బుడు నున్నగా అయితాది అయివారూ. పదైదు దినాలకు మళ్ళా రెండింతలు.” సంక్రాంతికి ముందు ఒళ్ళంతా నిప్పులో కాల్చినట్లు ఎర్రబారి, చలికి వణకుతూ, ఆసుపత్రిలో పన్నెండు దినాలు పడుకొని వచ్చాడట.

ఆ బావమరిదిని నేను చూడలేదు. కాని అతడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు, నా బంధువర్గంలో ముగ్గురున్నారు, నాతో పదవీ విరమణ చేసిన లెక్కల పంతులుగారు నాలుగవవారు. ఈ వ్యాసం వారందరికీ నా ప్రత్యుత్తరం. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పండితుణ్ణి. అయినా ఈ తగాదాలో మొదటి దోషం భాషది కనుక, దానిమీద మాట్లాడే అధికారం నాకున్నదనే అనుకుంటాను. మిగిలినది రోగిగా చదివి, అడిగి తెలుసుకున్నది.

ఇంగ్లీషువారి ‘ఇమ్యూనిటీ’కి మూలం లాటిన్ మాట. పన్నులనుండి, ఊడిగంనుండి మినహాయింపు అని దాని అర్థం. మన కడప జిల్లా శాసనాలు చదివిన అలవాటున్నవారికి ‘సర్వమాన్యం’ అనే మాట పరిచయమే కదా, అచ్చంగా అదే. ఒకసారి మశూచి వచ్చి పోయినవానికి మళ్ళీ రాదు, అతడు సర్వమాన్యం పొందినవాడు. ఆ మాటలో బలం లేదు, సత్తువ లేదు. దానిని తెలుగు చేసినవారు ‘రోగనిరోధక శక్తి’ అన్నారు. ‘శక్తి’ అన్న ఆ రెండక్షరాలు చేరడంతో అది తొట్టిలో నీళ్ళవంటిదైపోయింది. ఎక్కువైతే మంచిది, తక్కువైతే చెడ్డది, డబ్బాలలో కొని పోసుకోవచ్చు! 2020లో కరోనా వచ్చిన తరువాత ఈ తొట్టిని నింపే వ్యాపారం కషాయం మొదలుకొని బిస్కత్తు దాకా వ్యాపించింది. పాఠ్యపుస్తకాలలో నేనూ ఈ మాటనే పిల్లలచేత చదివించాను. ఆ పాపంలో నా భాగం నాకుంది.

నిజానికి అది శక్తి కాదు, వ్యవస్థ. అందులో కావలి కాసేవారున్నారు, కబురు మోసేవారున్నారు, తరిమి కొట్టేవారున్నారు, “ఇక చాలు, ఆపండి” అని వారించేవారూ ఉన్నారు. సోరియాసిస్ ఈ వ్యవస్థ తక్కువై వచ్చే జబ్బు కాదు. కావలివాడు దారితప్పడంవల్ల వచ్చేది. మా సీమను గూర్చి సినిమావారు కల్పించిన బాంబుల ఉపమానం నేను వాడను. వేరుశనగ చేనికి రాత్రిపూట అడవిపందుల కాపు కాసేవాడున్నాడనుకోండి. పందులు రాకపోయినా వచ్చినవనుకొని, యజమాని ఎద్దులమీదనే రాత్రంతా రాళ్ళు రువ్వుతున్నాడు. అతడికి జీతం పెంచి, చేతికి ఇంకొక గంపెడు రాళ్ళిస్తే చేను బాగుపడుతుందా? పొడి డబ్బాలవారు అడిగేది అదే. ఆ పొడిలో అంత మహిమ నిజంగా ఉంటే సోరియాసిస్ పెరగాలి. లేదు కనుకనే చాలామంది బ్రతికి బయటపడుతున్నారు.

ఆ రాళ్ళు రువ్వేవి టీ-కణాలనే తెల్ల రక్తకణాలు. ఇంటర్‌ల్యూకిన్-23, ఇంటర్‌ల్యూకిన్-17 అనేవి వాటిని రెచ్చగొట్టే, అవి చేరవేసే కబుర్లు. ఆ కబుర్లందుకొని చర్మకణాలు తొందరపడతాయి. పై చర్మం పుట్టి, పండి, రాలిపోవడానికి మామూలుగా సుమారు ఒక నెల పడితే, ఈ జబ్బులో మూడు నుండి ఐదు రోజులలో ముగుస్తుంది. పండకుండానే పైకి వచ్చిన ఆ కణాలే వెండిపొలుసులు. ఇది అంటువ్యాధి కాదు. ఇంత చెప్పినా నా పక్కన కూర్చోవడానికి జంకే చుట్టాలున్నారు, అది వేరే కథ.

ఇక దీపం సంగతి. వైద్యులు ఇప్పుడు ఎక్కువగా వాడేది 311 నానోమీటర్ల చుట్టూ ఉండే ఇరుకు పట్టీ అతినీలలోహిత కాంతి. 1981లో అమెరికాలో పారిష్, జేనికీ అనే ఇద్దరు ఏ కొలత కిరణం ఈ జబ్బును తగ్గిస్తుందో, ఏది ఊరికే కాల్చివేస్తుందో వేరుచేసి చూశారు. 290కి దిగువన కాలడమే తప్ప గుణం లేదు. 300 దాటిన కొద్దిపాటి పట్టీలో గుణం ఎక్కువ, కాలడం తక్కువ. ఆ పట్టీకి తగిన గొట్టపు దీపాలు ఆ దశాబ్దంలోనే వచ్చినవి. బీరువా వంటి పెట్టెలో నిలువునా గొట్టాలుంటాయి. కండ్లకు నల్లటి అద్దాలు పెట్టుకొని, మర్మస్థానాలు కప్పుకొని లోపల నిలబడాలి. మొదటిరోజు కొన్ని సెకండ్లు, తరువాత కొద్దికొద్దిగా పెంచి కొన్ని నిమిషాలు.

ఈ కాంతి పై చర్మాన్ని దాటి ఎంతో లోతుకు పోదు. ఆ పలుచని పొరలోనే దాని పని. అక్కడ గుంపుకట్టిన టీ-కణాలు దీనివల్ల పండుటాకులు రాలినట్లు తమంతట తామే రాలిపోతాయని 1990వ దశకంలో చర్మపు ముక్కలు తీసి పరీక్షించినవారు చూపారు. కబురు మోసే లాంగర్‌హాన్స్ కణాలు పలుచబడతాయి. చర్మంలో సహజంగా ఉండే యూరోకానిక్ ఆమ్లం తన రూపం మార్చుకొని నిగ్రహపు సందేశం పంపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-10 అనే శాంతివచనం పెరుగుతుంది, 17, 23లు తగ్గుతాయి. వారించే పని చేసే నియంత్రక టీ-కణాలు బలపడతాయి. పైగా విటమిన్-డి పెరుగుతుంది. ఇవన్నీ కలిస్తే, రాళ్ళు రువ్వే కావలివాడి చేతిలోని గంప దించినట్లు.

బావమరిది మాటలో పావువంతు నిజం లేకపోలేదు. దానిని దాచితే నేనూ డబ్బాలవారి సరసన చేరతాను. అతినీలలోహిత కాంతి నిరోధక వ్యవస్థను అణచుతుందన్నది కట్టుకథ కాదు. 1970వ దశకంలో అమెరికాలో మార్గరెట్ క్రిప్కీ అనే శాస్త్రవేత్త ఎలుకలలో దీనిని నిరూపించింది. ఈ కాంతివల్ల పుట్టిన కంతులను మామూలు ఎలుకలకు అంటిస్తే వాటి శరీరం తిరస్కరించింది. ముందుగా ఈ కాంతి తగిలిన ఎలుకలలో మాత్రం ఆ కంతులు పెరిగినవి. ఎండదెబ్బ తగిలిన తరువాత కొందరికి పెదవిమీద జ్వరపు పొక్కులు లేస్తాయి కదా, నిద్రపోతున్న హెర్పిస్ క్రిమి ఆ అణచివేత సందున లేచినదన్నమాట. ఇంతవరకు నేను ఒప్పుకుంటాను.

కాని ఎలుకనుండి ‘ఒంట్లో శక్తి అంతా’ అనేదాకా ఒక్క దూకుడులో దాటడం తర్కం కాదు. ‘అంతా’ అన్న మాట అబద్ధం. నెదర్లాండ్స్‌లో 191 మంది ఆరోగ్యవంతుల మీద జరిగిన పరీక్ష ఒకటి 2001లో ప్రకటించారు. అందులో సుమారు సగంమందికి ఐదురోజులు ఒళ్ళంతా ఈ జాతి కాంతి పెట్టి, అందరికీ హెపటైటిస్-బి టీకా వేశారు. కాంతి తగిలినవారిలో చర్మానికి ఏదైనా పడకపోతే వచ్చే దద్దురు తగ్గింది, సహజ హంతక కణాల చురుకు కూడా తగ్గింది. టీకాకు పుట్టవలసిన ప్రతిరక్షకాలు మాత్రం తగ్గలేదు. అనగా వ్యవస్థలో ఒక కొమ్మ వంగింది, చెట్టు కూలలేదు. దీపచికిత్స తీసికొన్నవారు జ్వరాలకు, న్యుమోనియాలకు పిట్టల్లా రాలిపోవడమే నిజమైతే, ఇన్ని దశాబ్దాలలో ఆ సంగతి ఆసుపత్రులకు తెలియకుండా ఉంటుందా?

క్యాన్సరు మాట ఎత్తుతారు. ఎత్తవలసిందే. ఇక్కడ రెండు చికిత్సలను కలిపి ఒకటే పేరు పెట్టి భయపెట్టడం జరుగుతున్నది. సొరాలెన్ అనే మందు మింగించి అతినీలలోహిత-ఎ కాంతి పెట్టే పద్ధతి ఒకటి, పువా అంటారు. 1974లో సోరియాసిస్‌కు దాని గుణం ప్రకటించారు. ఆ పద్ధతిలో చికిత్స పొందిన 1380 మందిని అమెరికాలో దశాబ్దాల తరబడి గమనించగా, ఎక్కువ పర్యాయాలు తీసికొన్నవారిలో ఒకజాతి చర్మపు క్యాన్సరు బాగా పెరిగినట్లు తేలింది. ఇది నిజం. ఇరుకు పట్టీ దీపం వేరు. స్కాట్లాండులో ఆ చికిత్స పొందిన 3867 మంది వివరాలు 2008లో వెలువడినవి. చర్మపు క్యాన్సర్లకూ దానికీ చెప్పుకోదగిన సంబంధం కనపడలేదు. ఇంకా ఎక్కువకాలం గమనించాలని వారే జాగ్రత్తగా అన్నారు, అది శాస్త్రజ్ఞుల మర్యాద. వారందరూ తెల్లతోలువారు. మా నల్లరేగడి రంగు చర్మానికి పుట్టుకతోనే గొడుగుంది.

(సొరాలెన్ మాట వచ్చింది కనుక: మన పచారీకొట్లలో దొరికే బావంచాలలో ఉన్నది ఆ జాతి పదార్థమే. బొల్లికి మన వైద్యులు వాటిని వాడి ఎండలో కూర్చోబెట్టేవారు. 1940వ దశకంలో ఈజిప్టులో ఎల్ మోఫ్తీ అనే వైద్యుడు అక్కడి ఒక మొక్కతో అదే పని చేసి లోకానికి చాటాడు. ఇది చదివి ఎవరూ బావంచాల నూనె పూసుకొని వైశాఖపు ఎండలో నిలబడవద్దు. ఒళ్ళు బొబ్బలెక్కుతుంది.)

ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుతాను. నిరోధక వ్యవస్థ మీద నిజంగా అంత దిగులున్నవారు మిగతా మందుల మాట ఎందుకు ఎత్తరు? ఖరీదైన జీవౌషధాలలో ఒక జాతి, టీఎన్ఎఫ్‌ను అడ్డుకొనేవి, లోపల నిద్రాణంగా ఉన్న క్షయను లేపుతాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తరువాత క్షయ వచ్చిన 70 మంది ఉదంతం 2001లోనే ప్రకటితమైంది. ప్రపంచంలోని క్షయరోగులలో సుమారు నాలుగింట ఒకవంతు మన దేశంలోనే ఉన్నారు. కనుకనే ఆ సూదులకు ముందు క్షయకు పరీక్షలు చేస్తారు. మెథొట్రెక్సేట్ మాత్రకు కాలేయాన్ని, రక్తాన్ని పరీక్షిస్తూ ఉండాలి. అవి చెడ్డ మందులని నేననను, వాటివల్ల బాగుపడినవారిని ఎరుగుదును. దీపానికి ఆ క్షయ భయం లేదు. 1903లో నోబెల్ బహుమానం పొందిన ఫిన్సెన్ అనే డెన్మార్కు వైద్యుడు ఇదే జాతి వెలుగుతో చర్మపు క్షయను కుదిర్చినందుకే ఆ గౌరవం పొందాడు!

అన్నిటికన్నా విడ్డూరం ఊళ్ళోని సూది. అది స్టెరాయిడే అని ఆసుపత్రివారు నా శిష్యునికి చెప్పారు. వ్యవస్థ మొత్తాన్ని నెత్తిమీద మొట్టి పడుకోబెట్టేది అదే, చర్మంలోనే కాదు, ఊపిరితిత్తులలో, ఎముకలలో, రక్తంలో కూడా. ఆపగానే జబ్బు పగబట్టినట్లు లేస్తుంది. కొందరికి చీముపొక్కులుగా, కొందరికి నా శిష్యునికి వచ్చినట్లు ఒళ్ళంతా ఎర్రని మంటగా. చర్మం లోతు దాటని దీపానికి భయపడి, మూలుగుదాకా పోయే సూదికి చెయ్యి చాపారు. ‘శక్తి’ అనే మాట చేసిన నిర్వాకం ఇది. పూతమందుల స్టెరాయిడ్లు సరుకులవలె అమ్ముడుపోతుంటే 2018లో కేంద్ర ప్రభుత్వం చాలావాటిని వైద్యుని చీటీ ఉంటేనే ఇవ్వవలసిన జాబితాలో చేర్చింది. మా వైపు పల్లెల అంగళ్ళలో చీటీ అడిగినవారిని నేనింకా చూడలేదు.

రెండవ పక్షంవారు మరొక రకం. “దేవుడిచ్చిన ఎండ ఉండగా కరెంటు దీపమెందుకు? ఆరోగ్యం భాస్కరునివల్లనే కదా అని పెద్దలన్నారు, సాంబుని కథ వినలేదా, మయూరకవి సూర్యశతకం చెప్పి కుష్ఠు పోగొట్టుకోలేదా?” అంటారు. పండితుణ్ణి కనుక ఈ కథలు నాకే చెబుతారు! ఆ కథలు నాకు ప్రీతి. కాని సూర్యకాంతిలో ఉన్న గుణం వేరు, మా కర్నూలు ఎండ వేరు. మృతసముద్రపు ఒడ్డున ఎండకాచుకొని సోరియాసిస్ తగ్గించుకొనేవారున్న మాట నిజం. ఆ చోటు సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా దిగువన ఉంది, కాల్చే కిరణాలు దట్టమైన గాలిలో వడగట్టబడి వస్తాయి. నార్వేవారు తమ రోగులను గ్రాన్ కనారియా ద్వీపానికి వైద్యుల పర్యవేక్షణలో పంపారు. ఓర్వకల్లు బండలమీద వైశాఖంలో కాసే ఎండకు వడపోత లేదు, కొలత లేదు. మోతాదు మించి చర్మం కాలితే, కాలినచోటనే కొత్త మచ్చలు లేస్తాయి. దెబ్బ తగిలినచోట ఈ జబ్బు పుట్టే ఈ లక్షణాన్ని కోబ్నర్ అనే జర్మను వైద్యుడు 1870వ దశకంలోనే గుర్తించాడు. కొద్దిమందికి అసలు ఎండే పడదు.

ఇంకొక సంగతి ఈ పక్షంవారికి తట్టదు. నా శిష్యుడు రైతు. ఏడాదికి మూడువందల రోజులు ఎండలో ఉంటాడు. అయినా జబ్బెందుకు తగ్గలేదు? అతని మచ్చలు మోచేతుల మీద, మోకాళ్ళ మీద, వీపున ఉన్నాయి. వాటిని చొక్కాతో, పంచెతో, తలపాగాతో కప్పుకొని సేద్యం చేస్తాడు. ఎండ ఎక్కడ తగలాలో అక్కడ సిగ్గు కప్పుతున్నది. ఆ సిగ్గుకు కూడా మూలం మాటే. ఆయుర్వేదం చర్మరోగాలన్నిటినీ కుష్ఠాలని పిలిచి పద్దెనిమిది విధాలు చెప్పింది. వాటిలో కిటిభమో, ఏకకుష్ఠమో నేటి సోరియాసిస్ అంటారు. తెలుగులో ‘కుష్ఠు’ ఒక్క జబ్బుకే పరిమితమై, ఆ జబ్బుకున్న వెలి అంతా పొలుసున్న ప్రతివాని నెత్తిన పడింది. ఐరోపాలోనూ 1841లో హెబ్రా అనే వైద్యుడు తేల్చిచెప్పేదాకా ఈ రెండిటినీ కలగాపులగం చేశారు. నా చేతి సుద్దముక్క ముట్టుకోవద్దని ఒక తల్లి బిడ్డకు చెప్పడం తలుపు చాటునుండి విన్నాను. ఆ ఊరి పేరు వ్రాయను.

కోపగించుకోవలసిన చోటు వేరే ఉంది. దీపచికిత్స వారానికి రెండుమూడు సార్లు, ఇరవై ముప్పై పర్యాయాలు సాగాలి. ఆళ్ళగడ్డనుండి కర్నూలుకు పోనురాను 200 కిలోమీటర్లకు తక్కువ కాదు. రెండు నిమిషాల వెలుగుకు ఒక పగలంతా పోతుంది, ఆనాటి కూలి పోతుంది. బస్సులో ఆడవారికి 2025 ఆగస్టునుండి టికెట్టు లేదు, పోయిన కూలి ఎవరిస్తారు? అమెరికాలో 783 మంది మీద జరిగిన పరీక్ష 2024లో వెలువడింది. కొందరికి దీపం ఇంటికే ఇచ్చారు, కొందరిని ఆసుపత్రికి రమ్మన్నారు. పన్నెండు వారాలకు ఇంటివారిలో నూటికి సుమారు 33 మందికి, ఆసుపత్రివారిలో 26 మందికి చర్మం దాదాపు తేటపడింది. నియమం తప్పకుండా చికిత్స నడిపినవారు ఇంటివారిలో సగానికి పైన, ఆసుపత్రివారిలో నూటికి 16 మంది. కార్లున్న దేశంలోనే దూరం ఇంత పని చేస్తే, మా పల్లెల మాట చెప్పవలెనా? బావమరిది మాట అంత సులభంగా చెవికెక్కడానికి పద్నాలుగు ప్రయాణాల అలసట కూడా కారణమే. మానడానికి ఒక సాకు దొరికింది.

గని, శకునాల ఊళ్ళ దగ్గర సూర్యుణ్ణి పట్టి కరెంటు తీసే పలకలు 2017లో పెట్టారు, వెయ్యి మెగావాట్లు. కర్నూలులో వైద్యకళాశాల 1957 నుండి ఉంది, కడపలో 2006లో వచ్చింది, నంద్యాలలో 2023లో వచ్చింది. ఆదోనిలో, ప్రొద్దుటూరులో, ఆళ్ళగడ్డలో, పులివెందులలో పెద్దాసుపత్రులో చిన్నాసుపత్రులో ఉన్నాయి. ప్రతిచోటా ఒక దీపపు బీరువా, దానిని నడపడం నేర్చిన ఒక నర్సు, సాయంత్రం ఆరుదాకా తెరచిన ఒక గది కావాలి. ఉన్నచోట గొట్టాలు మాడిపోతే మార్చాలి. నేనడిగేది ఇంతే. దీపం వద్దని వాదించే ఓపిక ఉన్నవారు ఆ ఓపికను ఈ అర్జీమీద సంతకాలకు వెచ్చిస్తే సంతోషిస్తాను.

నా శిష్యుడు మొన్న ఫోను చేశాడు. ఎర్రదనం పూర్తిగా చల్లారినదని చూచి, వైద్యులే మళ్ళీ తక్కువ మోతాదుతో మొదటినుండి దీపం మొదలుపెట్టారట. ఐదు పర్యాయాలైనవి. బావమరిదిని కూడా ఒకసారి వెంటబెట్టుకొని పొమ్మన్నాను. “రమ్మంటే రాడు అయివారూ, ఆ గదిలోకి తొంగిచూసినా శక్తి పోతాదంటాడు” అన్నాడు.